పాత తేదీకి పాత నంబరే

3 జనవరి 2025, శుక్రవారం, కందుకూరు

అమెరికా డాక్టర్ల చార్టులు, అంటే పేషెంట్ల రికార్డులు, చదివి బిల్లుకి కోడ్లు వేయడం నా పని. పొద్దున్నే ఆ కోడ్ల ఆడిట్‌లో దొరికిపోయాను. ఒక్క చార్టే, కానీ సరిగ్గా అదే తప్పు చేయొద్దని కొత్తగా చేరిన పిల్లలకి పోయిన వారం గంటసేపు చెప్పి ఉన్నాను.

అమెరికాలో డాక్టరు చేసే ప్రతి పనికీ బిల్లు మీద అయిదంకెల సీపీటీ కోడ్ పడాలి. 1966 నుంచీ ఆ కోడ్ల పుస్తకం అమెరికన్ మెడికల్ అసోసియేషన్ వాళ్లది. ఏటా జనవరి 1న కొత్త కోడ్లు అమల్లోకి వస్తాయి. ఈసారి 270 కొత్తవి చేరాయి, 112 తీసేశారు, 38 సవరించారు. తీసేసిన వాటిలో 99441 కూడా ఉంది. పాత పేషెంటుతో డాక్టరు ఫోన్లో అయిదు నుంచి పది నిమిషాలు మాట్లాడితే వేసే కోడ్ అది. కోవిడ్ రోజుల్లో ఎన్నిసార్లు కొట్టానో, నేను చూడకుండానే వేళ్లు కొట్టేసేవి. ఇప్పుడు అలాంటి చిన్న కాల్స్‌కి 98016 వచ్చింది. డిసెంబరంతా ట్రైనింగ్‌లో ఇదే పాట.

ఇవాళ్టి మొదటి చార్టు ఎనిమిది నిమిషాల ఫోను. హుషారుగా 98016 వేసి పంపాను. గంటలో మా తప్పులు పట్టే క్వాలిటీ టీమ్ నుంచి మెసేజ్: "డేట్ ఆఫ్ సర్వీస్ చూశారా మేడమ్?" చూస్తే డిసెంబరు 27! నేను కోడ్ చేసిన రోజుతో పనిలేదు, డాక్టరు మాట్లాడిన రోజే లెక్క. ఆ రోజుకి 99441 బతికే ఉంది. ఇలాగే పోతే క్లెయిము డినయల్ అయి, అంటే డబ్బు రాకుండా, తిరిగొచ్చేది. సిగ్గేసింది.

మధ్యాహ్నం అన్నానికి లేస్తే నాన్న ట్రంకు పెట్టె బోర్లించి కూర్చున్నాడు. పొలం కాగితాలు కావాలట. తాత కాలం నాటి దస్తావేజు మడతల దగ్గర చిరిగిపోయి, నెల్లూరు జిల్లా కందుకూరు తాలూకా అని ఉంది. నాన్న టెన్త్ సర్టిఫికెట్‌లో ప్రకాశం జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా అని కొత్తగా కట్టినప్పుడు మమ్మల్ని అందులో కలిపారు, 1972లో దానికే ప్రకాశం పేరు పెట్టారు. 2022 ఏప్రిల్‌లో మళ్లీ నెల్లూరులోకి. ఇల్లు మాత్రం అక్కడే, అదే వేపచెట్టు కింద.

"ఫారంలో ఏ జిల్లా రాయాలి మే?" అన్నాడు నాన్న.

"ఇప్పటి అడ్రసుకి నెల్లూరు రాయి నాన్నా. దస్తావేజు వివరాలకి అందులో ఏముంటే అది." పొద్దున తిట్లు తిన్న నోటితోనే చెప్పాను.

సాయంత్రం నాయనమ్మ బీపీ బిళ్లల గురించి డాక్టరు గారికి ఫోన్ చేసింది. పండక్కి అరిసెల పిండి దంపించి వచ్చిన చేతులు, ఫోన్ మీదంతా తెల్లగా వేలిముద్రలు. అలవాటు కొద్దీ గడియారం చూశాను. ఏడు నిమిషాలు. అందులో బీపీ ముచ్చట ఒకటిన్నర నిమిషం, మిగతాదంతా డాక్టరు గారి కూతురి పెళ్లి సంబంధం. 98016 రావాలన్నా వైద్యం మాటలే కనీసం అయిదు నిమిషాలుండాలి. కుదరదు నాయనమ్మా అన్నాను. ఏంది కుదరనిది, సంబంధమా అంది.