ప్రీసెట్ల బదులు డిజిటల్ పొటెన్షియోమీటర్: విలువను రాసి, తిరిగి చదివిన నా అనుభవం

నా కాటాలోని లోడ్ సెల్ (బరువును చిన్న విద్యుత్ సంకేతంగా మార్చే పరికరం) నుంచి వచ్చే మిల్లీవోల్టుల సంకేతాన్ని పెంచే యాంప్లిఫయర్ బోర్డు మీద రెండు ప్రీసెట్లు (స్క్రూతో తిప్పి సరిచేసే చిన్న రెసిస్టర్లు) ఉండేవి. ఒకటి సున్నాను సరిచేయడానికి, రెండోది గెయిన్‌కు, అంటే సంకేతాన్ని ఎన్ని రెట్లు పెంచాలో నిర్ణయించడానికి. కాటాను ఒకచోటి నుంచి ఇంకొకచోటికి తీసుకెళ్లినప్పుడల్లా కుదుపులకు అవి కాస్త జరిగేవి. మూత విప్పి, స్క్రూడ్రైవర్‌తో తిప్పి, మళ్లీ బిగించాల్సి వచ్చేది. వాటి స్థానంలో డిజిటల్ పొటెన్షియోమీటర్ (ఆదేశాలు పంపి నిరోధాన్ని మార్చగల చిప్) పెట్టాలనుకున్నప్పుడు నా షరతు ఒక్కటే: చిప్‌లోకి పంపిన విలువను తిరిగి చదవగలగాలి. చవకగా దొరికే ఎక్స్9సి103 అక్కడే తేలిపోయింది; ఒక మెట్టు ఎక్కు, ఒక మెట్టు దిగు అని దానికి చెప్పగలమే గాని, ఇప్పుడు ఏ మెట్టు మీద ఉన్నావని అడిగే దారి లేదు. ఎస్‌పిఐ బస్ (చిప్‌లు సమాచారం పంపుకునే తీగలు) మీద నడిచే ఎంసిపి41010 కూడా రాయించుకునేదే తప్ప చదివించేది కాదు. చివరికి మైక్రోచిప్ సంస్థ తయారుచేసే ఎంసిపి4661లో 10 కిలో ఓమ్‌ల రకాన్ని ఎంచుకున్నాను. అందులో రెండు పాట్లు (పొటెన్షియోమీటర్లు), ఒక్కోదానికి 257 స్థానాలు, ఐ2సి అనే ఇంకో రకం బస్, కరెంటు పోయినా విలువను నిలుపుకునే ఈఈప్రామ్ ఉన్నాయి.

వైరింగ్‌లో పెద్దగా చెప్పాల్సింది లేదు. చిరునామా పిన్నులు మూడింటినీ గ్రౌండ్‌కు కలిపితే చిప్ చిరునామా హెక్సాలో (16 ఆధారంగా అంకెలు రాసే పద్ధతిలో) 28 అవుతుంది. చిప్‌ను నడిపే చిన్న కంప్యూటర్ రాస్ప్‌బెరీ పై బోర్డు మీద పుల్-అప్ రెసిస్టర్లు (బస్ తీగలను సప్లయి వైపు లాగి ఉంచేవి) ముందే ఉన్నాయి కాబట్టి వేరుగా పెట్టలేదు. పాట్ కాళ్ల మీది వోల్టేజీ చిప్ సప్లయిని దాటకూడదు గనుక యాంప్లిఫయర్‌ను కూడా అదే 3.3 వోల్టుల మీద నడిపాను.

చదవడం దగ్గరే విషయం ఆసక్తికరంగా మారింది. ఈ చిప్‌కు పంపే మొదటి బైటులో పై నాలుగు బిట్లు రిజిస్టర్ (చిప్‌లో విలువ ఉండే చోటు) చిరునామా, తరువాతి రెండు బిట్లు ఆదేశం, చివరి రెండు బిట్లు విలువలోని పై భాగం. రాయడానికి ఆదేశం 00, చదవడానికి 11 కాబట్టి, మొదటి వైపర్‌ను (పాట్‌లో స్థానం మారే కాలును) చదవాలంటే హెక్సాలో 0సి పంపాలి. కొత్త చిప్‌లో వైపర్ మధ్యలో, అంటే హెక్సాలో 80 దగ్గర ఉండాలి. నాకు తెర మీద కనిపించింది 8000. చిప్ పై బైటును ముందు పంపుతుంది. లినక్స్‌లోని వర్డ్ రీడ్ (రెండు బైట్లను ఒకేసారి చదివే ఆదేశం) మాత్రం ముందు వచ్చినదాన్ని కింది బైటుగా లెక్కిస్తుంది. రెండు బైట్లనూ తారుమారు చేసుకుంటే 0080 వచ్చింది. లినక్స్ కెర్నెల్‌లో ఈ కుటుంబపు చిప్‌ల కోసం ఉన్న డ్రైవర్ కూడా ఇదే పని చేస్తుంది. స్థానాలు 0 నుంచి 256 వరకు కాబట్టి చివరి స్థానానికి తొమ్మిదో బిట్ అవసరమవుతుంది. అది మొదటి బైటులోనే ప్రయాణిస్తుంది గనుక 256 రాయాలంటే 01, 00 అని రెండు బైట్లు పంపాలి.

ఇంతకన్నా ముఖ్యమైనది, చదువుతున్నది ఏ రిజిస్టర్‌ను అన్న సంగతి. వైపర్‌ను నడిపేది తాత్కాలిక రిజిస్టర్. ఈఈప్రామ్‌లోని విలువ వేరే చిరునామాలో ఉంటుంది, దాన్ని చదవడానికి హెక్సాలో 2సి, రాయడానికి 20 పంపాలి. ఈఈప్రామ్‌లో రాసినంత మాత్రాన వైపర్ కదలదు. వైపర్‌ను కదిపినంత మాత్రాన ఈఈప్రామ్ మారదు. సప్లయి ఇచ్చినప్పుడు మాత్రమే చిప్ ఆ విలువను వైపర్‌లోకి తెచ్చుకుంటుంది. ఈఈప్రామ్‌లో రాయడానికి 10 మిల్లీసెకన్ల వరకు పట్టవచ్చు. ఆ లోపు ఈఈప్రామ్‌కు ఇంకేదైనా పంపితే చిప్ పట్టించుకోదు. అందుకే రాసిన ప్రతిసారీ స్టేటస్ రిజిస్టర్‌ను చూసి, పని ముగిసిందని తేలాకే రెండో పాట్‌కు వెళ్లేలా ప్రోగ్రామ్ రాశాను.

తిరిగి వచ్చిన అంకె సరిగ్గా ఉన్నంత మాత్రాన సర్క్యూట్‌లోని ఓమ్‌లు సరిగ్గా ఉన్నట్టు కాదు. ఒక్కో మెట్టు లెక్క ప్రకారం 39 ఓమ్‌లు. కాని మొత్తం నిరోధంలో 20 శాతం వరకు తేడాను తయారీదారే అనుమతిస్తాడు, కాబట్టి 10 కిలో ఓమ్‌ల పాట్ 8 కావచ్చు, 12 కావచ్చు. పైగా వైపర్ సొంత నిరోధం సుమారు 75 ఓమ్‌లు. సున్నా సరిచేసే పాట్ వోల్టేజీని పంచే పని చేస్తుంది గనుక, అక్కడ నిష్పత్తే లెక్కకు వస్తుంది, ఈ తేడా పెద్దగా బాధించదు. గెయిన్ పాట్‌ను రెండు కాళ్ల మీద మారే రెసిస్టర్‌గా వాడాను, అక్కడ తేడా నేరుగా బరువులోనే కనిపిస్తుంది. అందువల్ల సూత్రంతో అంకె లెక్కగట్టడం మానేసి, పళ్లెం ఖాళీగా ఉంచి ఒకసారి, తెలిసిన బరువు పెట్టి ఇంకోసారి, రెండూ కుదిరేవరకు తాత్కాలిక రిజిస్టర్లనే మారుస్తూ పోయాను. కుదిరిన తరువాతే ఆ రెండు విలువలనూ ఈఈప్రామ్‌లో రాశాను.

ఇప్పుడు కాటా మొదలైనప్పుడు ప్రోగ్రామ్ ఏమీ రాయదు. రెండు పాట్లకూ వైపర్ విలువను, ఈఈప్రామ్ విలువను చదివి, ఫైలులో దాచిన అంకెలతో పోలుస్తుంది. ఏ ఒక్కటి కలవకపోయినా బరువు చూపించకుండా ఆ నాలుగు అంకెలనే తెర మీద చూపిస్తుంది.