కళ్ళు మూసుకుని చెప్పండి మేడమ్

పడుకున్నదాన్ని లేచొచ్చి టైప్ చేస్తున్నా. నిద్ర పట్టట్లేదు, సాయంత్రం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగానికి నన్ను ఆన్‌లైన్‌లో ఇంటర్వ్యూ చేసిన ఆ అబ్బాయి గొంతే చెవిలో తిరుగుతోంది. "మేడమ్, నెక్స్ట్ క్వశ్చన్‌కి కళ్ళు మూసుకుని ఆన్సర్ చెప్పండి."

మూసుకున్నా. అదే కదా మంట. ఎందుకు మూసుకోవాలి అని అడగాల్సింది పోయి, బడిలో పంతులమ్మ చెప్పినట్టు బుద్ధిగా మూసుకుని, సివియారిటీకీ (బగ్ వల్ల నష్టం ఎంత) ప్రయారిటీకీ (దాన్ని ఎంత తొందరగా సరిచేయాలి) తేడా ఏంటో చీకట్లో అప్పజెప్పా. పక్క స్క్రీన్‌లో ఏఐ ఆన్సర్లు ఇస్తుంటే చూసి చదివేస్తామని వాళ్ళ భయం అట. అంతకుముందు ఆధార్ కార్డు మొహం పక్కన పెట్టి చూపించమన్నాడు, తర్వాత లాప్‌టాప్ పట్టుకుని గదంతా తిప్పి చూపించమన్నాడు, తిప్పా. బాల్కనీలో ప్లేస్ లేక గదిలోకి తెచ్చిన బట్టల స్టాండు, దాని మీద అత్తయ్య చీరలు, మంచం మీద చిన్నదాని స్కూల్ బ్యాగు కక్కిన పుస్తకాలు, అన్నీ చూశాడు మహానుభావుడు. "టేబుల్ కింద కూడా మేడమ్" అన్నాడు. టేబుల్ కింద ఎవరుంటారు నాయనా, పాత మిక్సీ అట్టపెట్టె తప్ప! ఇంతా చేసి తన కెమెరా ఆఫ్. గుండ్రంలో రెండు అక్షరాలు, అంతే. అరగంట లేటుగా వచ్చిన ఆ రెండు అక్షరాలకి నా ఇల్లంతా తెలుసు ఇప్పుడు, వాళ్ళు ఎవరో నాకు తెలీదు.

సరే, ఆన్సర్ సంగతి. అందరూ చెప్పే ఉదాహరణ ఒకటుంది కదా, హోమ్ పేజీలో కంపెనీ పేరు స్పెల్లింగ్ తప్పు, సివియారిటీ తక్కువ, ప్రయారిటీ ఎక్కువ. అది చెప్పబుద్ధి కాలేదు. నిజంగా చూసింది చెప్దామని 2025 సెప్టెంబర్ 22 తెల్లవారుజాము సంగతి ఎత్తుకున్నా. జ్ఞాపకం ఉందిగా, పర్సనల్ హెల్త్ పాలసీల మీదా లైఫ్ పాలసీల మీదా 18 శాతం జీఎస్టీ తీసేశారు, ఆ రోజు నుంచి సున్నా. జీఎస్టీ కౌన్సిల్ చెప్పింది సెప్టెంబర్ 3న, మధ్యలో ఇన్సూరెన్స్ సాఫ్ట్‌వేర్ టెస్ట్ చేసే మాకు దొరికింది మూడు వారాలు కూడా లేదు. 21 అర్ధరాత్రి దాటేసరికి ప్రీమియం లెక్క మారాలి, రసీదు మారాలి, రెన్యువల్ నోటీసు మారాలి, 21న ప్రాసెస్ మొదలై 22న డబ్బు కట్టినవాడిది ఏ రేటు అనే గొడవ వేరే. ఆ రాత్రి నాకు దొరికిన బగ్ ఏంటంటే, లెక్క కరెక్టే, పన్ను సున్నా అనే వేసింది, కానీ రసీదులో ఆ సున్నా పక్కన "జీఎస్టీ 18%" అనే లేబుల్ అలాగే ఉండిపోయింది. పైసా తేడా లేదు, అంటే సివియారిటీ తక్కువ. కానీ ఆ రసీదు పొద్దున్నే పది మంది చేతుల్లో పడితే పదకొండో నిమిషంలో కాల్ సెంటర్ కూలిపోతుంది, జనం 22 దాకా ఆగి మరీ కడుతున్నారు. అందుకని ప్రయారిటీ అన్నిటికన్నా పైన పెట్టించి, రెండున్నరకి డెవలపర్ని లేపి మార్పించాం.

ఇంత చెప్తే ఆయనగారు, "అది ఓకే మేడమ్, డెఫినిషన్ చెప్పండి."

కళ్ళు మూసుకునే ఉన్నా అప్పటికింకా!

తర్వాత జావాలో స్ట్రింగ్ రివర్స్ చేయమన్నాడు, అంటే పదాన్ని వెనక నుంచి ముందుకి తిప్పే కోడ్, అదీ భాషలో రెడీగా ఉన్న బిల్టిన్ ఫంక్షన్ వాడకుండా. ఏ ఉద్యోగంలోనైనా ఎవరైనా ఎప్పుడైనా బిల్టిన్ లేకుండా రివర్స్ చేశారా, చేస్తే కోడ్ రివ్యూలో చీవాట్లు తినరా? చేశాలెండి.

ఇది కాంట్రాక్ట్ పొజిషన్ మళ్ళీ. సీటూహెచ్ (కాంట్రాక్ట్ టు హైర్) అంటాడు కన్సల్టెన్సీ వాడు, అంటే ఆరు నెలలు వాళ్ళ పేరోల్, నచ్చితే క్లయింట్ తీసుకుంటాడు. ఆ "నచ్చితే" అన్నది ఇంతవరకూ నా కళ్ళతో చూళ్ళేదు. ఒక్క రిక్వైర్‌మెంట్‌కి మూడు కన్సల్టెన్సీల నుంచి ఫోన్లు, మూడు చోట్లా అదే జపం, టోటల్ ఎక్స్‌పీరియన్స్ ఎంత మేడమ్, రెలవెంట్ ఎంత మేడమ్, కరెంట్ సీటీసీ (కంపెనీ మన మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు), ఎక్స్‌పెక్టెడ్ సీటీసీ, నోటీస్ పీరియడ్. కాంట్రాక్ట్ డిసెంబర్‌లోనే అయిపోయింది, ఖాళీగానే ఉన్నాను అంటే అవతల గొంతు వెంటనే ఒక మెట్టు దిగుతుంది, ఎక్స్‌పెక్టెడ్ కూడా ఒక మెట్టు దింపమంటుంది. పొరపాటున ఇద్దరికి రెజ్యూమె పంపితే క్లయింట్ దగ్గర డూప్లికేట్ ప్రొఫైల్ అని ఇద్దరివీ తీసి పారేస్తారు, అందుకని "మీ ద్వారా మాత్రమే" అని ముందే మెయిల్ రాసివ్వాలి. పెళ్ళిచూపులక్కూడా ఇంత రాతకోతలుండవు.

ఆఫర్ వచ్చాక చూడాలి సీటీసీ తమాషా. మన పీఎఫ్ మన జీతంలోంచి పోతుంది సరే, కంపెనీ వాటా పీఎఫ్ కూడా మన సీటీసీలోనే చూపిస్తారు. దాని కింద గ్రాట్యుటీ అని బేసిక్‌లో 4.81 శాతం. ఆరు నెలల కాంట్రాక్ట్‌కి గ్రాట్యుటీ ఎక్కణ్ణించి వస్తుందండీ? అయిదేళ్ళు చేస్తే కదా అది అంటే, "కొత్త లేబర్ కోడ్స్ వచ్చాయి కదా మేడమ్, ఇప్పుడు వన్ ఇయర్‌కే" అంటుంది హెచ్‌ఆర్ పిల్ల. వచ్చాయి, 2025 నవంబర్ 21 నుంచి, ఫిక్స్‌డ్ టర్మ్ వాళ్ళకి ఏడాది నిండితే ఇవ్వాలి, నేనూ చదివాను. ఏడాది నిండనిస్తేగా!

అందుకే ఇంక పర్మనెంట్ తప్ప కాంట్రాక్ట్ వద్దు, చేసింది చాలు అని రాత్రి అన్నాల దగ్గర గట్టిగా అనేశా. మా ఆయన తల ఊపారు. ఆయన సంగతి మీకు తెలుసుగా, ఒక పరీక్ష, ఒక ఇంటర్వ్యూ, బ్యాంకులో సీటు, ఇక రిటైరయ్యేదాకా ఎవరూ ఏమీ అడగరు. "పోనీ పర్మనెంట్‌వే చూడు" అన్నారు. చాలా తేలిక.

కానీ ఇది టైప్ చేస్తుంటే సంక్రాంతి ముందరి పర్మనెంట్ వ్యవహారం గుర్తొస్తోంది. ఫస్ట్ రౌండ్, సెకండ్ రౌండ్, మేనేజర్ రౌండ్, ఆపైన ఇంకెవరో ఆవిడ "కల్చర్ ఫిట్" రౌండ్, చివరికి హెచ్‌ఆర్. పే స్లిప్పులడిగారు, ఫారం 16 అడిగారు, పాత కంపెనీల రిలీవింగ్ లెటర్లన్నీ స్కాన్ చేయించుకున్నారు. బెడ్‌రూమ్ కప్‌బోర్డ్ అంతా కింద పోసి వెతికా. పండగ వెళ్ళాక "పొజిషన్ ఆన్ హోల్డ్" అని ఒక లైను. దానితో పోలిస్తే కాంట్రాక్ట్ వాడే నయమేమో, నెలకి ఇంత, రేపు జాయిన్ అవుతావా లేదా, ఒక రౌండులో తేల్చేస్తాడు. మోసం ఉన్నా సాగదీసే మోసం కాదు. ఏమో, రాత్రి అన్న మాట మీద పొద్దున్నకి నిలబడతానో లేదో చెప్పలేను.

అసలు ఇంటర్వ్యూ అంటే నాకిష్టం ఉండేది తెలుసా. నవ్వకండి. 2009 మొదట్లో, సత్యం కంప్యూటర్స్ రామలింగరాజుగారు దొంగ లెక్కలు ఒప్పుకుంటూ రాసిన ఉత్తరం బయటికొచ్చిన తర్వాత రోజులు. అది జనవరి 7. అప్పుడు ఎస్సార్ నగర్ హాస్టల్లో ఉండి అమీర్‌పేట మైత్రీవనం దగ్గర క్యూటీపీ, లోడ్ రన్నర్ అనే టెస్టింగ్ టూల్స్ నేర్చుకుంటున్నాం, పగలు క్లాసు, సాయంత్రం జిరాక్స్ షాపు. శనివారం వచ్చిందంటే 10హెచ్ బస్సెక్కి మాదాపూర్ వాకిన్లు, అంటే పిలుపు లేకుండానే వెళ్ళి లైన్లో నిలబడే ఇంటర్వ్యూలు. ఒక వాకిన్‌లో గేటు దగ్గర సెక్యూరిటీ అతనే రెజ్యూమెలు తీసుకుని కట్టలు కడుతున్నాడు, లైన్లో మా ముందు నాలుగేళ్ళు ఆరేళ్ళు ఎక్స్‌పీరియన్స్ ఉన్న అన్నయ్యలు నిలబడ్డారు, ఇంక ఫ్రెషర్స్‌కి ఏం దక్కుతుంది. అయినా మధ్యాహ్నం మూడింటికి పిలిచారు. లోపల ఒకాయన, యాభై ఉంటాయేమో, రెజ్యూమె తిరగేసి పక్కన పెట్టి, "ఏమ్మా, లిఫ్ట్‌ని ఎలా టెస్ట్ చేస్తావు?" అన్నారు. టెస్టింగ్ వాళ్ళని పెన్నూ లిఫ్టూ అడగడం మామూలే, నేనూ బట్టీ పట్టిన లిస్టు మొదలెట్టా, బరువు, బటన్లు, తలుపు సెన్సరు. ఆయన లేచి "రా చూద్దాం" అని బయటికి తీసుకెళ్ళి నిజంగా లిఫ్ట్ ఎక్కించారు! పైకీ కిందకీ తిరిగాం. రెండు బటన్లు ఒకేసారి నొక్కితే ఏమవుతుంది, తలుపు మూసుకుంటుంటే చెయ్యి అడ్డం పెట్టకుండా గొడుగు పెడితే ఏమవుతుంది, కరెంటు పోతే లోపల లైటు ఉంటుందా, కళ్ళు కనపడనివాళ్ళు ఎక్కితే ఏ ఫ్లోర్ వచ్చిందో ఎలా తెలుస్తుంది. ఆ చివరిది నేనే అడిగా. ఆయన ఆగి, "ఇది మన బిల్డింగ్ వాళ్ళక్కూడా తట్టలేదు" అని నవ్వారు. లైన్లో ఉన్నవాళ్ళందరూ మమ్మల్ని వింతగా చూస్తున్నారు.

ఉద్యోగం రాలేదులెండి. ఆ ఏడాది ఎవరికొచ్చింది కనుక. అయినా ఆ రోజు 10హెచ్‌లో నిలబడి వస్తూ ఎంత సంతోషంగా ఉన్నానో.

వచ్చింది మా రూమ్మేట్‌కి. అమీర్‌పేటలో అప్పట్లో మూడేళ్ళ దొంగ ఎక్స్‌పీరియన్స్ ఎంతకి దొరికేదో తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, ఆఫర్ లెటరూ పే స్లిప్పులూ రిలీవింగ్ లెటరూ, ఫోన్ చేస్తే "అవును మా దగ్గర చేసింది" అని చెప్పే మనిషితో సహా. నా దగ్గర అంత డబ్బు లేదు, ఉంటే ఏం చేసేదాన్నో ఇప్పుడు గొప్పలు పోను. ఆ తర్వాత స్కైప్ ఇంటర్వ్యూలొచ్చాయి, ఒకళ్ళు పెదాలు కదుపుతుంటే పక్క గదిలోంచి ఇంకొకళ్ళు మాట్లాడటం. ఇప్పుడు దానికి ఏఐ తోడయ్యింది. ఇలా ఆలోచిస్తే పాపం ఆ కెమెరా ఆఫ్ అబ్బాయి మీద కోపం కాస్త తగ్గుతోంది. ఎంతమంది చేత మోసపోయి ఉంటాడో, పొద్దుట్నుంచి నాది ఎన్నో ఇంటర్వ్యూనో. కళ్ళు మూసుకోమనే రూల్ ఎక్కడో అమెరికాలో పుట్టలేదు, మన మైత్రీవనం మెట్ల మీదే దానికి బీజం పడింది.

తగ్గిందన్నా గానీ, పూర్తిగా తగ్గలేదు. ఎందుకంటే పీఎఫ్ పాస్‌బుక్ తెరిస్తే ఏ నెల ఎక్కడ పనిచేశానో మొత్తం ఉంటుంది, అది మొదటి మెయిల్లోనే తీసుకున్నారు. అనుమానం ఉంటే అది చూసుకో, లేకపోతే ఆ జీఎస్టీ రాత్రి గురించి ఇంకో రెండు ప్రశ్నలడుగు. ఏఐ చూసి చదివేదానికి ఆ లేబుల్ సంగతి ఎలా తెలుస్తుంది? కనిపెట్టాల్సింది అక్కడ కదా, టేబుల్ కింద కాదు.

రేపు పదకొండింటికి ఇంకోటుంది, అది పర్మనెంటే, కాకపోతే ఫస్ట్ రౌండ్ మనిషి చెయ్యడట, బాట్ చేస్తుందట. స్క్రీన్ మీద ప్రశ్న వస్తుంది, రెండు నిమిషాల్లో చెప్పాలి, చూపు పక్కకి తిప్పకూడదు, గదిలో వేరే శబ్దం వస్తే రికార్డవుతుంది. అత్తయ్య పూజ గంట సరిగ్గా పదకొండుకే. రేపొక్కరోజు పదింటికి కానిచ్చెయ్యండి అని బతిమాలితే సరేనన్నారు గానీ, "మనిషే లేనప్పుడు ఇంక మంచి చీర ఎందుకే, ఇస్త్రీకి ఇవ్వకు" అన్నారు. నిజమే. నైటీ మీద చున్నీ వేసుకుని కూర్చుంటా.