గోడ అవతలి సారుకు పెరడి అమ్మిన కథ

హనుమకొండలో మా ఇంటి వెనక పెరడిని నాన్న పోయాక పట్టించుకున్నవాళ్లు లేరు. ఆయన ఉన్నప్పుడు చిక్కుడు పందిరి, గుమ్మడి తీగ, రెండు జామచెట్లు, మూలకు కల్యామాకు చెట్టు ఉండేవి. అమ్మకు మోకాళ్ల నొప్పులు, నాకు ఆఫీసు. వానాకాలంలో పిచ్చిమొక్కలు నడుమెత్తు పెరిగేవి. రెండుసార్లు పాము కూడా కనబడింది. పోయిన ఏడు ఇంటి స్లాబు కారడం మొదలైంది, మరమ్మతుకు డబ్బు కావాలి. సరిగ్గా అప్పుడే వెనక వీధి సారు గోడ మీదుగా అడిగారు: "తమ్మీ, ఆ వెనక ఇరవై ఫీట్లు మాకిస్తరా? మా పెద్దోడు వస్తున్నడు, రెండు గదులు ఏసుకుంటం."

ఆ సారు నాకు ఎనిమిదో తరగతిలో లెక్కలు చెప్పారు. అలాంటి మనిషితో బేరం ఎట్లా చేయాలో నాకు తెలియలేదు. నేను ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీసేలోపే ఆయన నోటితో చెప్పేశారు, నలభై ఇంటూ ఇరవై అంటే, ఎనిమిది వందల చదరపు ఫీట్లు, తొమ్మిదితో భాగిస్తే ఎనభై ఎనిమిది గజాల చిల్లర అని.

ధర తేలడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. మా వీధిలో రోడ్డు మీది జాగా రేటు ఈ ముక్కకు రాదు, ఎందుకంటే దానికి రోడ్డే లేదు. మా ఇంట్లోంచి పోవాలి, లేదా ఆయన ఇంట్లోంచి. లోకంలో దీన్ని కొనేవాడు ఆయనొక్కడే, ఆయనకు అమ్మగలిగేవాళ్లం మేమే. గజం పదిహేను వేలకు ఇద్దరం ఒప్పుకున్నాం.

"మన మధ్య కాగితాలెందుకు, బయానా తీస్కో, పండుగ తర్వాత రిజిస్ట్రీ చేసుకుందాం" అన్నారు సారు. పరకాల దిక్కు మా చిన్నాయన ఇట్లనే మాట మీద అర ఎకరం కొని రిజిస్ట్రీ లేకుండా తెల్లకాగితం మీద సాదా బైనామా రాయించుకున్నాడు. అమ్మినాయన పోయాడు, ఈయన చేతికి ఇప్పటికీ పాస్‌బుక్ రాలేదు. అది గుర్తొచ్చి, మొహమాటంగానే అయినా, వంద రూపాయల స్టాంపు పేపర్ మీద అగ్రిమెంట్ రాయించాను. లక్ష రూపాయల బయానా చెక్కు రూపంలో తీసుకున్నాను. గడువు మూడు నెలలు.

ఇక కాగితాల పని. సాగుభూమి అయితే తహసీల్దారు దగ్గరే రిజిస్ట్రేషన్ జరుగుతుంది, దానికి మొన్నటిదాకా ధరణి పోర్టల్, ఇప్పుడు భూభారతి. మాది ఇళ్ల జాగా కాబట్టి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు. కాలనీ లేఅవుట్‌కు కుడా (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి ఉంది కాబట్టి ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ) తలనొప్పి లేదు. ప్లాటును ముక్క చేస్తున్నాం కదా అని మునిసిపల్ ఆఫీసులో టౌన్ ప్లానింగ్ వాళ్లను ముందే కలిశాను. మా ఇంటి వెనక వదలాల్సిన ఖాళీ ఎంతో చూసుకొని అమ్ముకోమన్నారు. మాకు సరిపోను మిగులుతున్నది. నాన్న కొన్నది 1986లో, ఈసీ (జాగా మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం) ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది కాబట్టి అదీ తొందరగానే తేలింది.

అసలు చిక్కు డాక్యుమెంట్ రైటర్ దగ్గర మొదలైంది. నాన్న వీలునామా రాయలేదు. అమ్మ సంతకం, నా సంతకం చాలనుకున్నాను. ఆయన కళ్లద్దాలు దించి అడిగాడు: "మీకు అక్కచెల్లెండ్లు ఉన్నరా?" అక్క ఉంది, జగిత్యాలలో ఇచ్చాం. "అయితే ముగ్గురు అమ్మాలె. ఆమెది మీతో సమానం వాటా." నాకు ఈ సంగతి తెలియక కాదు. పేపర్లో చదివాను, ఎవరైనా అడిగితే చెప్పేవాణ్ణి కూడా. మా ఇంటి విషయానికి వచ్చేసరికి గుర్తు రాలేదు, అంతే. బేరం అయ్యి, బయానా తీసుకున్న పదిరోజులకు అక్కకు ఫోన్ చేసి సంతకం పెట్టాలని చెప్పాల్సి వచ్చింది.

అటునుంచి కాసేపు మాట లేదు. తర్వాత అంది: "బతుకమ్మకు గుమ్మడి పూలు ఆడికెల్లే కదరా తెంపేది." నేనేదో అనబోతే ఆపి, "సంతకం కావాలంటే వస్త గానీ, వాన నీళ్ల సంగతి ఏం జేసిన్రు?" అని అడిగింది.

ఏం వాన నీళ్లు? మా ఇంటి వాలు వెనక్కి ఉంటుంది. బోరింగు దగ్గర నీళ్లు, మేడ మీది నీళ్లు పెరడిలోకి పారి, గోడ కింద తూము గుండా సారు వాళ్ల మోరీలో కలుస్తాయి. చిన్నప్పుడు ఆకులు అడ్డం పడితే కట్టె పెట్టి పొడిచే పని అక్కది. ఇప్పుడు కొత్త గోడ ఇరవై ఫీట్లు ఇటు జరిగితే ఆ నీళ్లు మా వంటింటి గోడకు కొడతాయి. నెల రోజులుగా ఈ ముక్క గురించే తిరుగుతున్న నాకు ఇది తట్టలేదు.

కుటుంబ సభ్యుల సర్టిఫికెట్‌కు మీసేవలో పెట్టుకున్నాం. మరణ ధ్రువపత్రంలో నాన్న ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంది, దస్తావేజులో పూర్తిగా ఉంది. ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్ ఇవ్వాల్సి వచ్చింది. ఆ తిరుగుడంతా రాస్తే మీకు నిద్రొస్తుంది.

కొలతలకు ఆదివారం పొద్దున టేపు పట్టుకున్నాం. ఒక కొస సారు కొడుకు, ఇంకో కొస నేను. దస్తావేజులో మా ప్లాటు నలభై ఇంటూ తొంభై. వెడల్పు సరిగ్గా నలభై వచ్చింది. పొడవు ఎనభై ఎనిమిదిన్నర. టేపు మెలి పడిందేమోనని మళ్లీ పట్టాం. మళ్లీ ఎనభై ఎనిమిదిన్నరే. వెనక గోడ ఆ చివర నుంచి ఈ చివర దాకా అడుగున్నర మా జాగాలోకి ఉంది. అరవై చదరపు ఫీట్లు, అంటే ఆరు గజాల రెండొంతులు. మా రేటున సరిగ్గా లక్ష రూపాయలు. ఈసారి లెక్క నేనే ముందు చెప్పాను. సారు ఏమీ అనలేదు.

రెండు రోజులు గోడ మీది మాటలు బందయ్యాయి. నాకైతే ముప్పై ఏళ్లుగా మోసపోయినట్టే అనిపించింది. అమ్మ మాత్రం మంచం మీంచి లేవకుండానే తేల్చేసింది. "గోడ కట్టేటప్పుడు సరిగ్గా ఆ గీత మీదనే యాపచెట్టు ఉండె. కొట్టేద్దామని సారు అన్నడు. వద్దని మీ నాయననే గోడను ఇటు జరిపిండు. చెట్టు సారు దిక్కు పడ్డది, నీడ మనకు పడ్డది. గాలికి పడిపోయిందాక ఆ నీడ కిందనే నువ్వు చదువుకున్నవ్. దానికి పైసలడుగుతవా కొడుకా?"

లక్ష రూపాయలు అట్లా పోయాయి. నాకిప్పటికీ కొంచెం గుచ్చుకుంటుంది, దాచుకోవడమెందుకు. కానీ కాగితం మీద మాత్రం అసలు హద్దు దాకా, అంటే ఇరవై ఒకటిన్నర ఫీట్లు, తొంభై అయిదున్నర గజాలు రాయించాం. లేకపోతే ఆ అడుగున్నర ఎవరి దస్తావేజులోనూ సరిగ్గా లేకుండా రేపు పిల్లల మధ్య గెట్టు పంచాయితీ అవుతుంది. ధర ఎనభై ఎనిమిది గజాల చిల్లరకే, పదమూడు లక్షల ముప్పై మూడు వేలు.

సారు ఇంకో మాట అన్నారు, "సర్కారు విలువకు రాయిద్దాం, మిగతాది చేతికిస్త" అని. లెక్కల సారే కదా, ఫీజు మిగులుతుందని. నేను ఒప్పుకోలేదు. జాగా అమ్మకంలో ఇరవై వేలు, అంతకు మించి నగదు తీసుకోకూడదు. పట్టుబడితే తీసుకున్నంత మొత్తం జరిమానా, అదీ తీసుకున్నవాడి మీదే. మొత్తం రాయిస్తే స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే లక్షకు పాతిక రూపాయలు తక్కువ అయ్యింది. మ్యుటేషన్ (పేరు మార్పిడి) ఫీజు, యూజర్ ఛార్జీలు వేరే. కొనేవాళ్లే కట్టడం ఆనవాయితీ కాబట్టి ఆయనే కట్టారు, ముఖం కాస్త చిన్నబుచ్చుకున్నా. డబ్బు ముగ్గురి ఖాతాల్లోకి మూడు భాగాలుగా వచ్చింది. టాక్స్ లెక్క కూడా ఎవరి వాటాకు వాళ్లదే అని సీఏ చెప్పాడు.

నాన్న పేరున ఉన్న అసలు దస్తావేజు కూడా ఇవ్వమని సారు అడిగారు. మిగతా మూడు వందల నాలుగు గజాలు మా దగ్గరే ఉంటున్నాయి కాబట్టి అసలుది మా దగ్గరే ఉండాలి, ఆయనకు సర్టిఫైడ్ నకలు చాలు అని డాక్యుమెంట్ రైటర్ చెప్పాడు. ఆ మాట దస్తావేజులోనే ఒక వాక్యంగా రాశాడు. దాని కింద అక్క చెప్పిన వాక్యం రాయమన్నాను, కొత్త గోడలో వాన నీటికి తూము ఉంచాలి, ఆ నీరు వెనక మోరీలోకి పోనివ్వాలి అని. "ఇద్దరు పక్కపక్కనోళ్లు, ఇది కూడా రాయాల్నా?" అని నవ్వాడు. అక్క అక్కడే కూర్చొని ఉంది. "రాయి" అంది.

రిజిస్ట్రేషన్ రోజు అక్క పొద్దున్నే కరీంనగర్ మీదుగా బస్సులో వచ్చింది. ఆఫీసులో ఎక్కువసేపు పట్టింది అమ్మ వేలిముద్రకే. మిషన్ నాలుగుసార్లు తీసుకోలేదు. అయిదోసారి అమ్మ బొటనవేలిని కొంగుతో గట్టిగా రుద్ది, ఊది, పెట్టింది.

కొత్త గోడ మృగశిరకు ముందే లేచింది. మేస్త్రీ తూము మరిచిపోయాడు, లేదా ఎవరూ చెప్పలేదు. మొదటి వానకే నీళ్లు వంటింటి గడప దాకా వచ్చాయి. దస్తావేజు జిరాక్సు పట్టుకొని వెనక వీధికి పోయాను. సారు కళ్లద్దాలు పెట్టుకొని ఆ వాక్యం రెండుసార్లు చదివారు, ఏం మాట్లాడలేదు. మర్నాడు మేస్త్రీ వచ్చి గోడ కింద రెండు చోట్ల కొట్టి నాలుగంగుళాల పైపులు పెట్టాడు. ఇప్పుడు వాన మొదలైతే చాలు, అమ్మ మోకాళ్లు పట్టుకుంటూనే వెనక తలుపు దగ్గరికి పోయి, నీళ్లు పోతున్నాయో లేదో చూసి, అక్కకు ఫోన్ చేస్తుంది.