మేస్త్రీ ఎగ్గొట్టిన కూలి రాబట్టాలంటే

గచ్చిబౌలి వైపు సైట్లలో కూలీకి అపాయింట్‌మెంట్ లెటర్ ఎవరిస్తారు? హాజరు రాసుకున్న పాకెట్ డైరీ, మేస్త్రీ ఫోన్‌పేలో వేసిన ఐదొందల అడ్వాన్సు, "రేపిస్తా అన్నా" అన్న వాట్సాప్ వాయిస్, గేటు పాస్ ఫొటో... ఇవే సాక్ష్యం. ఫోన్ పోకముందే ఇంకొకరికి పంపి ఉంచండి.

బకాయి కోసం పెట్టే అర్జీలో లెక్క విడమరిచి రాయాలి: రోజుకు 800, పని 26 రోజులు, ముట్టింది 6,000, రావాల్సింది 14,800. "చాలా నెలల జీతం" అని రాస్తే కేసు అక్కడే నీరుగారుతుంది.

ఎక్కువ అర్జీలు దెబ్బతినేది ప్రతివాది పేరు దగ్గరే. మేస్త్రీ ఒక్కడి పేరు రాస్తే వాడు ఊరెళ్ళిపోతాడు, ఫోన్ స్విచ్చాఫ్. కాంట్రాక్టరు పేరూ, సైటు బోర్డు మీదున్న కంపెనీ పేరూ అక్షరం పొల్లుపోకుండా చేర్చండి.

వేతనాల కోడ్, 2019 ప్రకారం క్లెయిముకు గడువు 3 ఏళ్ళు. బకాయికి తోడు 10 రెట్ల దాకా పరిహారం వేయొచ్చు (అంత వస్తుందని మాత్రం కూలీకి ఆశ పెట్టకండి). జీతం ఇచ్చేశానని నిరూపించుకోవాల్సింది యజమానే.

అందుకే అర్జీ మీద యజమానికి నోటీసు అందగానే సగానికి రాజీ బేరం మొదలవుతుంది. డబ్బు ఖాతాలో పడేదాకా "పూర్తిగా ముట్టింది" అన్న కాగితం మీద వేలిముద్ర వేయించొద్దు.