లైట్లు ఆర్పమన్నాడు

ఊపిరితిత్తి చుట్టూ చేరిన గాలిని బయటికి వదిలే మా పరికరాన్ని ఈ వారం ఒక మాజీ అమెరికన్ ఆర్మీ మెడిక్ చేతిలో పెట్టాం. పరికరం వంక చూడకుండానే "లైట్లు ఆర్పండి" అన్నాడాయన. తడి గ్లవుజులతో మోకాళ్ళ మీద కూర్చుని, ప్యాకెట్ చించే గాటు ఎక్కడుందా అని ముందు వేళ్ళతో తడిమాడు.

ఛాతీకి గాయమై లోపల గాలి చిక్కుకుంటే ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది, గుండెకు రక్తం తిరిగి రావడం తగ్గిపోతుంది. సూది గుచ్చి గాలి వదిలితే బతుకుతాడు. వినడానికి ఇంతే! కానీ కండలు తిరిగిన సైనికుడి ఛాతీలో పాత 5 సెంటీమీటర్ల సూది చాలాసార్లు గాలి దాకా చేరేదే కాదు. అందుకే వాళ్ళ సైన్యం ఇప్పుడు 8 సెంటీమీటర్లు దాటినదే వాడమంటుంది. పొడవు పెరిగిందా, ఎడమ పక్కన గుండె ఉందన్న భయం. పోనీ సరిగ్గా దిగిందే అనుకోండి, సూది తీశాక లోపల మిగిలే మెత్తటి గొట్టం మడతపడితే కథ మళ్ళీ మొదటికే.

1960లలో అమెరికన్ సర్జన్ హైమ్లిక్ (అవును, గొంతులో మెతుకు అడ్డం పడితే చేసే ఆ పద్ధతి ఆయనదే) కనిపెట్టిన, గాలిని బయటికే తప్ప లోపలికి పోనివ్వని రబ్బరు వాల్వు వియత్నాం యుద్ధంలో పనికొచ్చింది. అందులో బ్యాటరీ లేదు, స్క్రీన్ లేదు. మా మీటింగుల్లో ఎవరైనా స్క్రీన్ అన్నప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.

వెళ్తూ వెళ్తూ మెడిక్ అడిగాడు: "హెలికాప్టర్ మోతలో గాలి బుస్సుమన్నది వినపడదు. బయటికొచ్చిందని నాకెలా తెలియాలి?"

రంగు మారే గుర్తు పెడదామన్నారు మావాళ్ళు. చీకట్లో రంగేం కనిపిస్తుంది? వేలికి తగిలేదేదో కావాలి. ప్రస్తుతం దాని మీదే కుస్తీ.