మేజర్ ఎంచుకునే ముందు విశాఖలో ఆరు వారాలు

విదేశాల్లో పెరుగుతున్న హైస్కూలు పిల్లల్ని సెలవులకు విశాఖ పంపేటప్పుడు మనవాళ్లు ముందుగా అడిగేది 'అక్కడ ఏదైనా ఇంటర్న్‌షిప్ దొరుకుతుందా?' అని. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. కాలేజీలో మేజర్‌గా, అంటే ప్రధాన విషయంగా, చదవాలనుకునే రంగం గురించి పిల్లలకు ఏం తెలుసుకోవాలనుంది? 'బయాలజీ ఇష్టం' అంటే సరిపోదు. రోజంతా జబ్బుపడ్డ మనుషుల మధ్య ఉండగలనా? ఒకే కొలతను రెండు వందలసార్లు తీసే ఓపిక నాకుందా? ఇలాంటి ప్రశ్న ఒక్కటి, వాళ్ల మాటల్లోనే, కాగితం మీద రాయించండి. ఆరు వారాల్లో దానికి జవాబు దొరికితే చాలు. 'ఇది నాకు పడదు' అన్నది కూడా మంచి జవాబే. రెండేళ్ల ఫీజు కట్టాక ఆ సంగతి తెలియడం కన్నా ఎంతో నయం.

ఊరి క్యాలెండర్ చూడకుండా టికెట్లు కొనడంతోనే చాలా ప్లాన్లు చెడతాయి. సముద్ర జీవశాస్త్రం మీద మనసున్న పిల్లలు ఆలివ్ రిడ్లే తాబేళ్ల కోసం వస్తామంటారు. అవి ఈ తీరంలో గుడ్లు పెట్టడం దాదాపు జనవరిలో మొదలవుతుంది. గుడ్డు పిల్ల కావడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. అటవీశాఖ హేచరీల్లో పొదిగిన పిల్లల్ని సముద్రంలోకి వదిలే పని మే కల్లా ముగిసిపోతుంది. జూన్‌లో అమెరికా నుంచి దిగేవాళ్లకు మిగిలేది ఇసుకే. డిసెంబర్, జనవరి సెలవులకు ఆస్ట్రేలియా నుంచి వచ్చేవాళ్లకైతే సరిగ్గా ఆ కాలం మొదలవుతుంది.

జూన్‌లో వచ్చేవాళ్లకు ఫిషింగ్ హార్బర్ ఉంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. అది ముగియగానే మరబోట్లు కదులుతాయి, రేవు నిండుతుంది. తెల్లవారుజామున వెళ్లి ఒకే రకం చేపను, ఉదాహరణకు కానాగంతలను, రోజుకు ముప్పై చొప్పున మూతి నుంచి తోక చివరి దాకా స్కేలుతో కొలిచి రాసుకోమనండి. వేలం నడుస్తుండగా అడ్డం వెళ్లకూడదు. ముందు బోటు యజమానిని అడగాలి. కొలిచిన చేపను ఎక్కడిది అక్కడే పెట్టాలి. వారానికి నాలుగు రోజుల చొప్పున ఐదు వారాలు చేస్తే 600 కొలతలు వస్తాయి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవాళ్లు దేశమంతటా రేవుల్లో చేసే పని కూడా ఈ రకమైనదే. ఆ సంస్థకు విశాఖలోనూ కేంద్రం ఉంది. నీచు వాసన, తడి నేల, నాలుగు గంటలకు లేవడం పడకపోతే పది రోజుల్లోనే తెలిసిపోతుంది. డాల్ఫిన్ల వీడియోలు ఎన్ని చూసినా తెలిసేది కాదు అది.

వచ్చిన మొదటి వారం నిద్ర సర్దుకోవడానికే పోతుంది. ఆ తర్వాత పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, భోజనానికి పిలుపులు. అందుకని పని వారాలు ఆషాఢంలో పడేలా చూసుకోండి. శుభకార్యాలు తక్కువ కాబట్టి 'ఈ ఒక్కరోజుకీ మానేయవే' అనేవాళ్లు కూడా తక్కువే. పైగా ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరిప్రదక్షిణ జరుగుతుంది. లక్షలమంది కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడుస్తారు. దారి పొడవునా మంచినీళ్ల, మజ్జిగ, ప్రథమ చికిత్స శిబిరాలు పెడతారు. ఒక శిబిరంలో ఒక్క రాత్రి నిలబడితే చాలు. గంటకు ఎన్ని గ్లాసులు పోయాయి, వాడినవి ఎక్కడ కుప్పపడ్డాయి, ఏ వేళకు కాలి బొబ్బలతో, కండరాలు పట్టేసి వచ్చేవాళ్లు పెరిగారు అన్నవి రాసుకున్న పిల్లలకు పబ్లిక్ హెల్త్ అంటే ఏమిటో విడిగా చెప్పక్కర్లేదు.

డాక్టరవ్వాలనుకునే పిల్లల విషయంలో మనం తరచూ చేసే తప్పు, చుట్టాల్లో సర్జన్ ఉంటే ఆపరేషన్ థియేటర్లో నిలబెట్టమని అడగడం. అది రోగికి అన్యాయం. చదువుకీ ఉపయోగం లేదు. శిక్షణ లేని విద్యార్థులు విదేశాల్లో రోగుల మీద చేయి వేయకూడదని అమెరికా మెడికల్ కాలేజీల సంఘం మార్గదర్శకాల్లోనే ఉంది. ఇంజెక్షన్ ఇచ్చానని, కుట్లు వేశానని దరఖాస్తులో రాస్తే దెబ్బతినేది బిడ్డే. రోగుల ఫొటోలు అసలు తీయకూడదు.

నా దృష్టిలో వాళ్లకు కంటి వైద్య శిబిరాన్ని మించిన చోటు లేదు. కంటి ఆసుపత్రులు, సేవాసంఘాలు పల్లెల్లో వీటిని నడుపుతుంటాయి. ముందు పేర్లు రాస్తారు. తర్వాత ఆరు మీటర్ల దూరంలో చార్టు పెట్టి చూపు పరీక్షిస్తారు. చదువురానివాళ్లకు ఇంగ్లీషు 'E' గుర్తు చార్టు వాడతారు, గీతలు ఎటు తిరిగి ఉన్నాయో చేత్తో చూపిస్తే చాలు. డాక్టరు చూసి శుక్లమని తేల్చినవాళ్లకు బీపీ, షుగరు చూసి, బస్సులో ఆసుపత్రికి తీసుకెళ్తారు. ఆపరేషన్ అయ్యాక చుక్కల మందు, మళ్లీ పరీక్ష. ఇందులో పదహారేళ్ల పిల్లలు చేయగల పనులున్నాయి. ఆరు మీటర్లు టేపుతో కొలిచి గీత గీయడం, అంకెలు రాయడం, పెద్దవాళ్లను ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు నడిపించడం. గమనించాల్సింది మాత్రం వేరే ఉంది. ఆపరేషన్ రాసినవాళ్లలో ఎంతమంది బస్సెక్కారు? ఎక్కనివాళ్లకు అడ్డం వచ్చిందేమిటి? తోడు లేకనా, నాట్లు పడుతున్నాయనా, భయమా? అక్కడ డాక్టరొక్కరే ఉండరు. చూపు పరీక్షించే ఆప్టోమెట్రిస్టు, కౌన్సెలర్, శిబిరం ఏర్పాట్లు చూసేవాళ్లు, లెక్కలు చూసేవాళ్లు ఉంటారు. వైద్యరంగంలో డాక్టరు కాకుండా ఇంకేం చేయవచ్చో ఒక్క పూటలో కళ్లెదుట కనిపిస్తుంది.

ఇంజినీరింగ్ వైపు వెళ్లేవాళ్లకు పోర్టు, స్టీల్ ప్లాంట్, షిప్‌యార్డ్ చూపించాలనిపిస్తుంది. హిందుస్థాన్ షిప్‌యార్డ్ 2010 నుంచి రక్షణశాఖ కింద ఉంది. విదేశీ పాస్‌పోర్టుతో ఇలాంటి చోట్ల అనుమతి వస్తుందని నమ్ముకుని సెలవులు గడపకండి. ఆటోనగర్‌లో చిన్న వర్క్‌షాపు మేలు. కాలు మొత్తం కప్పే బూట్లు వేసుకుని, యంత్రాలు ముట్టుకోకుండా, ఒక భాగం డ్రాయింగ్ దగ్గర్నుంచి లేతు దాటి డెలివరీ దాకా ఎలా వెళ్తుందో అనుసరించమనండి.

పాస్‌పోర్టు సంగతి టికెట్లకు ముందే చూడాలి. విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డున్నా పరిశోధనకు, జర్నలిజానికి 2021 నోటిఫికేషన్ ప్రకారం ప్రత్యేక అనుమతి కావాలి. కాబట్టి పరిశోధన సంస్థలో చేరాలంటే ముందే దరఖాస్తు చేసుకోవాలి. టూరిస్టు వీసా మీద ఇంటర్న్‌షిప్ కుదరదు. ఇక హెచ్-4 మీద, అంటే అమెరికాలో ఉద్యోగ వీసా ఉన్నవాళ్ల కుటుంబానికిచ్చే వీసా మీద, ఉన్న పిల్లలది దీనికి తలకిందులు. అమెరికాలో జీతం తీసుకుని పనిచేయలేరు. భారత పాస్‌పోర్టు ఉంటుంది కనుక విశాఖలో చట్టం ఒప్పుకునే ఏ పనైనా స్టైపెండుతో చేయవచ్చు.

మామయ్య పరిచయాన్ని తలుపు దాకానే వాడుకోండి. 'మన అమ్మాయే, చూసుకోండి' అని అప్పగిస్తే ఏసీ గదిలో కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, చివర్లో సర్టిఫికెట్ చేతిలో పెడతారు. అడిగే మాట పిల్లల నోటి నుంచే రావాలి. ఈమెయిల్‌కు జవాబు కోసం చూడకుండా ఫోన్ చేసి, నేరుగా వెళ్లి కలవమనండి. "నమస్కారమండీ. నేను పదకొండో తరగతి చదువుతున్నాను. ఐదు వారాలు, వారానికి నాలుగు పూటలు మీ దగ్గర పని నేర్చుకోవాలనుంది. ఏ టైముకి రమ్మంటారండీ?" ఇంత చాలు. 'అండి' మరిచిపోకుండా ఇంట్లో పదిసార్లు అనిపించండి. మన ఇంటి తెలుగు గుంటూరుదో గోదావరిదో అయితే ఇక్కడి మాట కూడా కొంచెం వినిపించాలి. శిబిరంలో ఓ మామ్మ "అగుపడతల్నేదు బాబూ" అంటే కనపడటం లేదని అర్థం కాక బిక్కమొహం వేస్తే పని అక్కడే ఆగిపోతుంది.

రోజూ రాత్రి మూడు వాక్యాలు రాయాలి. ఎన్ని గంటలు ఏం చేశాను, ఎప్పుడు విసుగొచ్చింది, ఎప్పుడు టైము తెలియలేదు. అమెరికా కాలేజీలకు పెట్టుకునే ఉమ్మడి దరఖాస్తు కామన్ యాప్‌లో పది వ్యాపకాలకే చోటు. ఒక్కోదాని వివరణకు 150 అక్షరాలే. ఆగస్టులో కూర్చుని గుర్తు చేసుకుంటే గంటలు పెరిగిపోతాయి, పని మసకబారిపోతుంది.

ఆఖరి వారంలో కొత్త పని ఒప్పుకోవద్దు. చేసినదాన్ని ఒక ఫైలుగా కూర్చి అక్కడివాళ్లకు ఇచ్చి రావాలి. శిబిరమైతే బస్సెక్కనివాళ్ల కారణాల పట్టిక, రేవైతే కొలతల పుస్తకం ప్రతి. తెలుగులోనే, ప్రింటు తీసి ఇవ్వాలి. మన పిల్లలు వెనక్కి వెళ్లాక దాన్ని వాడాల్సింది వాళ్లు కదా.