పదిమందిలో ఒకదాన్ని అయ్యేదాకా

మా మామగారు పోయినప్పుడు ఏడు రోజులు మా ఆయన గడప దాటలేదు. యూదులు దాన్ని షివా అంటారు. ఆ మాటకి అర్థం కూడా ఏడే. మన మైల రోజుల్లాంటివే అనుకోండి, కాకపోతే అద్దాల మీద దుప్పట్లు కప్పేస్తారు, చావు జరిగిన ఇంట్లోవాళ్ళు కింద కూర్చుంటారు లేదా పొట్టి స్టూళ్ళ మీద కూర్చుంటారు. భోజనాలు ఇరుగుపొరుగు తెచ్చిపెడతారు. సాయంత్రం ప్రార్థనకి జనం ఇంటికే వస్తారు. కొడుకు కద్దిష్, అంటే పోయినవాళ్ళ కోసం చదివే ప్రార్థన, చదవాలంటే కనీసం పదిమంది ఉండాలి. ఆ పదిమందిని మిన్యన్ అంటారు. పదికి ఒక్కరు తగ్గినా కద్దిష్ లేదు.

మూడో రోజు న్యూజెర్సీ అంతా మంచు. వచ్చినవాళ్ళ కోట్లు తగిలించి హాల్లోకి వెళ్ళి లెక్కపెట్టాను. నాతో కలిపి పదిమంది.

"పదిమంది అయ్యాంగా, మొదలుపెట్టండి" అన్నాను.

ఎవరూ మాట్లాడలేదు. మా ఆయన నావైపు ఒకసారి చూసి, ఫోన్ తీసుకుని వంటింట్లోకి వెళ్ళి పక్కవీధి ఆయన్ని రమ్మని అడిగాడు. ఆయన బూట్లకి మంచుతోనే వచ్చాడు, అప్పుడు మొదలైంది. ఆఖరి నాలుగు నెలలూ మామగారికి వేళకి మందులు వేసింది నేను. కానీ యూదురాలిని కాదు కాబట్టి ఆ గదిలో లెక్కకి రాను. నిజం చెప్పాలంటే కోపం రాలేదు. సిగ్గేసింది, అంతే. తెలియని ఇంట్లో తలుపు అనుకుని అల్మారా తెరిచినట్టు.

మా ఆయన ఎప్పుడూ నన్ను మారమని అడగలేదు. మా పెళ్ళి తెనాలిలో మా పద్ధతిలో జరిగింది, ఇక్కడ కోర్టులో ఇంకోసారి. ఆయనే ఏడాదికి రెండు మూడుసార్లు తప్ప సినగాగ్‌కి వెళ్ళేవాడు కాదు. తండ్రి పోయాక పదకొండు నెలలు కద్దిష్ చదవాలి కాబట్టి వెళ్ళడం మొదలుపెట్టాడు. చలికాలం రాత్రిపూట ఒక్కణ్ణీ పంపడం ఇష్టంలేక నేనూ కారెక్కేదాన్ని. అలా అలవాటైంది.

మా ఊళ్ళో చర్చికి వెళ్ళేవాళ్ళ నోట సమాజమందిరం అన్న మాట చిన్నప్పుడే విన్నాను. సినగాగ్‌కి తెలుగు బైబిల్లో ఉన్న పేరు అదే. వెళ్ళి చూశాక ఆ పేరు పెట్టినవాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది. అది గుడి కంటే ఎక్కువగా సమాజమే. ఒక గదిలో ప్రార్థన, పక్క గదిలో పాఠం, కింద వంటిల్లు. ఎవరో ఒకరు ఎప్పుడూ కాఫీ కలుపుతూ ఉంటారు.

కద్దిష్ నెలలు అయిపోయాక సినగాగ్‌లో మతగురువు, రబ్బీ గారిని కలిసి, "నేను మీలో కలవాలనుకుంటున్నాను" అన్నాను. ఆవిడ, అవును, మా రబ్బీ ఆడమనిషే, సంతోషిస్తుందనుకున్నా. "ఎందుకమ్మా? కలవకపోయినా నీకు వచ్చిన నష్టం ఏమీ లేదు" అంది. మతం మారతామని వచ్చినవాళ్ళని మొదట వెనక్కి పంపడం వాళ్ళ పాత ఆనవాయితీట. నేను కదలకపోయేసరికి మంగళవారం రాత్రి క్లాసులో చేరమంది. ఒక ఏడాది పండగలన్నీ దగ్గరుండి చూశాకే తర్వాతి మాట అంది.

క్లాసులో మేం పదకొండుమందిమి. నాలా మారదామనుకునేవాళ్ళు ముగ్గురు. మిగతా వాళ్ళు పుట్టుకతో యూదులే. చిన్నప్పుడు నేర్చుకోనిది అరవై దాటాక నేర్చుకుందామని వచ్చారు. అక్కడ చదివేది జంటలుగా. ఒక వాక్యం ఇద్దరూ పైకి చదవాలి, దాని మీద వాదించుకోవాలి. దాన్ని ఖవ్రూతా అంటారు. నా జంట డెబ్భై రెండేళ్ళ పెద్దావిడ, మందుల షాపులో పనిచేసి రిటైరైంది. నేను తలూపితే ఆవిడకి ఒళ్ళుమండేది. "నువ్వు ఒప్పేసుకుంటే మనం ఇంటికి పోవచ్చు కదా" అనేది. పంతులుగారు చెప్పింది రాసుకుని పెరిగినదాన్ని. కాదని చెప్పడానికి నాకు మూడు నెలలు పట్టింది.

హీబ్రూ చదవడం మాత్రం తోటివాళ్ళ కంటే నాకే తేలికైంది. ఇరవై రెండు అక్షరాలే. అచ్చులకి కింద చుక్కలూ గీతలూ పెడతారు. ఒక చుక్క పెడితే ఇ, మూడు చుక్కలు పెడితే ఎ. అమెరికన్లు దానికి తల పట్టుకుంటుంటే నేను "ఇది గుణింతమేగా" అనుకున్నాను. గర్వం ఎంతోసేపు నిలవలేదు. వాళ్ళ ధర్మగ్రంథం తోరా రాసిన చుట్టలో చుక్కలే ఉండవు. తలకట్లూ గుడులూ కొమ్ములూ తీసేసి క, ర అని రెండే అక్షరాలు చేతికిస్తే అది కారో, కూరో, కోరో, కీరో ఎలా తెలుస్తుంది? ముందే తెలిసి ఉండాలి. అంటే, ఎవరో పక్కన కూర్చుని చెప్పి ఉండాలి.

పైగా అక్షరాలు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. దాలెత్‌కీ రేష్‌కీ తేడా మూల దగ్గర ఒక చిన్న మొన. షెమా అని రోజూ చదివే వాక్యం ఉంది, "ఓ ఇశ్రాయేలూ, వినుము" అని మొదలయ్యేది. దాని చివరి మాట ఎఖాద్, ఒక్కడే అని. ఆ చివరి దాలెత్ రేష్‌లా కనబడితే అది అఖేర్ అయిపోతుంది, వేరొకడు అని. అందుకే తోరాలో ఆ ఒక్క దాలెత్‌ని మిగతా వాటికంటే పెద్దగా రాస్తారు. పెద్దావిడ భూతద్దం పెట్టి నాకు చూపించింది. మ, య కలిపి రాసి దెబ్బలు తిన్న రోజులు గుర్తొచ్చాయి.

వంటింటి సంగతి చెప్పకపోతే ఈ కథ సగమే. మొదటి శనివారం సినగాగ్‌లో భోజనానికి పెద్ద గిన్నెడు పులిహోర చేసి తీసుకెళ్ళాను. మాంసం లేదు, పాలు లేవు, ఇంతకంటే కోషెర్, అంటే వాళ్ళ ఆహార నియమాలకి సరిపడేది, ఏముంటుందని నా ధైర్యం. గుమ్మంలోనే ఆపేశారు. ఇంట్లో వండింది ఆ వంటింట్లోకి రాకూడదు. ఇంటి గిన్నెల్లో ఏం వండామో వాళ్ళకేం తెలుసు? మడి అనుకుంటే నాకు వెంటనే అర్థం కావాల్సిన సంగతే, కానీ ఆ పూట ఏడుపొచ్చింది. గిన్నె కారులో పెట్టేశాను. ఇంగువ వాసన వారం దాకా పోలేదు.

పెసహ్ పండగకి మళ్ళీ ప్రయత్నించాను, ఈసారి వాళ్ళ వంటింట్లోనే. ఆ ఎనిమిది రోజులూ పులిసిన గోధుమ తినకూడదు. తూర్పు ఐరోపా యూదులు వందల ఏళ్ళుగా బియ్యం, పప్పులు కూడా మానేశారు. మాది కన్జర్వేటివ్ సినగాగ్. పేరు చూసి రాజకీయం అనుకోకండి, పాత పద్ధతి వదలని ఆర్థడాక్స్‌కీ, చాలా మార్చుకున్న రిఫార్మ్‌కీ మధ్య దారి, అంతే. వాళ్ళ ధర్మశాస్త్ర కమిటీ 2015లో బియ్యం, పప్పులు తినొచ్చని చెప్పింది. ఇక నిమ్మకాయ పులిహోరకి అడ్డేముంది? ఇంగువ డబ్బా వెనక చూసేదాకా నాకూ తెలియదు, అందులో గోధుమపిండి కలుపుతారు. ఇంగువ లేని పులిహోర మా అమ్మ చూస్తే అన్నం కింద కూడా లెక్కవెయ్యదు. వాళ్ళు మాత్రం గిన్నె గీకి తిన్నారు.

అమ్మ మాటకొస్తే, విన్నప్పుడు ఆవిడ మొదట అన్నది, "మన చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో యూదులున్నారుగా, వాళ్ళలోనా?" అని. గుంటూరు జిల్లావాళ్ళకి తెలిసే ఉంటుంది, బెనె ఎఫ్రాయిమ్ అనే తెలుగు యూదులు అక్కడున్నారు, వాళ్ళ సినగాగ్ ఉంది. మా ఆయన ఈసారి వెళ్ళినప్పుడు అక్కడికి తీసుకెళ్ళమని ప్రాణం తీస్తున్నాడు. తర్వాత అమ్మ అడిగింది అసలు ప్రశ్న. "మరి దేవుడి గూడో?"

రబ్బీ గారూ అదే అడిగింది. మెత్తగా, కానీ సూటిగా. రెండూ ఉంచుకుంటానంటే కుదరదు. ఇది తేలిగ్గా జరిగిందని రాస్తే అబద్ధం. నాయనమ్మ ఇచ్చిన ఇత్తడి వెంకటేశ్వరస్వామిని నెల రోజులు చేతిలోకి తీసుకోవడం, మళ్ళీ పెట్టేయడం. చివరికి డాలస్‌లో ఉన్న మా చెల్లి వచ్చి తీసుకెళ్ళింది. అమ్మ రెండు వారాలు ఫోన్ ఎత్తలేదు. మూడో వారం తనే చేసి, "దీపం పెట్టడం కూడా మానేశావా?" అంది. శుక్రవారం పొద్దుగూకడానికి పద్దెనిమిది నిమిషాల ముందు రెండు కొవ్వొత్తులు వెలిగిస్తానని చెప్పాను. "నిమిషాలు కూడానా" అంది. నిమిషాల లెక్క ఆవిడకి నచ్చినట్టే ఉంది.

అమ్మకి నచ్చింది ఇంకోటి ఉంది. వాళ్ళూ తద్దినాన్ని తిథినిబట్టే చేస్తారు. నెలలు చంద్రుడివి, పంతొమ్మిదేళ్ళకి ఏడు అధికమాసాలు. మామగారి తిథి ఇంగ్లిషు తారీఖు ప్రకారం ఏటా ఎందుకు మారుతోందో అత్తగారి వైపు పిల్లలకి చెప్పింది నేనే.

ఏడాది దాటాక బేత్ దీన్, అంటే వాళ్ళ మత న్యాయసభ. ముగ్గురు కూర్చుని ప్రశ్నలు అడుగుతారు. టెన్షన్‌తో ఆశీర్వచనాలన్నీ బట్టీపట్టాను, ఒక్కటీ అడగలేదు. శుక్రవారం సాయంత్రం మీ ఇంట్లో ఏం జరుగుతుంది అన్నారు. తర్వాత వాళ్ళ పాత శాస్త్రగ్రంథం తాల్ముద్‌లోనే ఉన్న ప్రశ్న: ఈ జనం బాధలు పడుతున్నారని, తరమబడుతున్నారని తెలియదా, ఏం చూసి వస్తున్నావు? తెలియకేం, మా సినగాగ్ గేటు దగ్గర శనివారం పోలీసు కారు ఉంటుంది. 2018లో పిట్స్‌బర్గ్‌లో శనివారం ప్రార్థనలో ఉన్న 11 మందిని కాల్చి చంపారు. తెలుసన్నాను. షివాలో బూట్లకి మంచుతో వచ్చినాయన సంగతి చెప్పాను. చివర్లో ఒకాయన, "మా పద్ధతుల్లో నీకు ఇప్పటికీ మింగుడుపడనిది ఏంటి?" అన్నాడు. పులిహోర గిన్నె కథ చెప్పాను. ముగ్గురూ నవ్వారు, కానీ రూలు మారుస్తామని ఒక్కరూ అనలేదు.

తర్వాత మిక్వె, అంటే మునక. వాననీటితో కలిపిన చిన్న కొలను. ఒంటికీ నీళ్ళకీ మధ్య ఏదీ ఉండకూడదు. గోళ్ళరంగు తీసేశాను, నల్లపూసలూ మెట్టెలూ తీసేశాను. ముక్కుపుడక రాలేదు. పధ్నాలుగేళ్ళుగా కదలని మర అది. కొబ్బరినూనె వేసి మా ఆయన తిప్పబోతే ముక్కు ఎర్రబడింది కానీ అది కదల్లేదు. ముందురోజు ఓక్ ట్రీ రోడ్డులో ఒక బంగారం కొట్టుకి పరుగెత్తితే అక్కడి పెద్దాయన రెండు నిమిషాల్లో తీశాడు. "అమ్ముతారా?" అని కూడా అడిగాడు.

నీళ్ళు గోరువెచ్చగా ఛాతీ దాకా ఉన్నాయి. పక్కన ఒకావిడ తువ్వాలు అడ్డం పట్టుకుని నిలబడింది. ముగ్గురు రబ్బీలూ ఓరగా తీసిన తలుపు అవతల, వినడానికి మాత్రమే. పుష్కరాల్లో గోదావరిలో మునిగినదాన్ని, నాకు ఇదొక లెక్కా అనుకుంటూ కళ్ళు మూసుకుని మునిగాను. "జుట్టు తేలింది, మళ్ళీ" అంది ఆవిడ. నడుము దాకా జుట్టు, ఈసారి మోకాళ్ళు ముడిచి అడుక్కి కూర్చున్నాను. "కోషెర్!" అని పైనుంచి అరుపు, సరిగ్గా మునిగినట్టని. అలా మూడు పడేదాకా. పేరు మర్గలిత్ అని పెట్టుకున్నాను, అంటే ముత్యం. మా నాయనమ్మ పేరులో ముత్యం ఉంది. ఇత్తడి స్వామి చెల్లి దగ్గరికి వెళ్ళాడు, ముత్యం నా దగ్గర ఉండిపోయింది. ముక్కుపుడక కారులోనే పెట్టేసుకున్నాను.

మా సాయంత్రం ప్రార్థనలో ఒక పెద్దాయన మిన్యన్ లెక్క చూస్తాడు. మనుషుల్ని ఒకటి, రెండు అని లెక్కపెట్టకూడదని వాళ్ళ నమ్మకం. అందుకని పది మాటలున్న ఒక కీర్తన వాక్యం చదువుతూ ఒక్కో మాటకీ ఒక్కో మనిషి వైపు వేలు చూపిస్తాడు. నేను చదువుకునే రోజుల్లో ఆ వేలు నా దగ్గరికి వచ్చి, మర్యాదగా పక్కకి జరిగిపోయేది. ఒకరోజు ఆయనకి మా ధాన్యం కొలతల సంగతి చెప్పాను. మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు, ఏడుని ఏడు అనకుండా ఆరున్నొక్కటి అంటారు అని. ఆయనకి తెగ నచ్చింది.

మిక్వె అయిన తర్వాతి మంగళవారం క్లాసు ముందు ప్రార్థనకి వెళ్ళాను. ఆర్థడాక్స్ వాళ్ళు మగవాళ్ళనే లెక్కిస్తారు కానీ కన్జర్వేటివ్ వాళ్ళు 1973లోనే ఆడవాళ్ళనీ లెక్కించొచ్చన్నారు. పెద్దాయన లేచి నావైపే వేలు పెట్టి మొదలుపెట్టాడు. "లాబం," అని, అక్కణ్ణుంచి హీబ్రూలోకి వెళ్ళి తొమ్మిదో మాట దగ్గర ఆగిపోయాడు. తొమ్మిదిమందిమే. వెనక వరసలో ఎవరో కుర్రాడు, మొన్ననే తల్లి పోయిందట, పుస్తకం తెరుచుకుని నిలబడి ఉన్నాడు.

ఇంటికి ఫోన్ చేశాను. మా ఆయన బాస్కెట్‌బాల్ చూస్తున్నాడు.

"తొమ్మిదిమందిమి ఉన్నాం, తొందరగా రా" అన్నాను.

"ఆట ఆఖరి క్వార్టర్..."

"చెప్పులేసుకుని రా."

నిజంగానే ఇంటి చెప్పులతో వచ్చాడు, ఎనిమిది నిమిషాల్లో.